అమ్మేవాడు వేరు, అలవాటుపడ్డవాడు వేరు



నేను ఉండేది శంషాబాద్‌లో. మా డాబా ఎక్కితే విమానాలు దిగడం కనిపిస్తుంది. ముందు ఒక వెలుగు చుక్క. చూస్తుండగానే దానికి రెక్కలొస్తాయి, చక్రాలొస్తాయి. 2008 మార్చిలో ఇక్కడ విమానాలు దిగడం మొదలైంది. అంతకు ముందు ఇక్కడ జొన్న చేలుండేవి, మామిడి తోటలుండేవి. దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చింది. ఆ చేల వాళ్ల పిల్లలకు నేను బళ్లో పాఠాలు చెప్పాను. ఇప్పుడు వాళ్లలో కొందరు అక్కడ ట్రాలీలు తోస్తున్నారు. కొందరు సామాను ఎక్కిస్తున్నారు. చాలామంది క్యాబులు నడుపుతున్నారు.

ఈ వేళ గంజాయి గురించి మాట్లాడుకుందాం. గంజాయిని చట్టబద్ధం చేయాలా, వద్దా? ఎన్నో దేశాల్లో ఈ వాదన నడుస్తోంది. మా శంషాబాద్‌లో అయితే ఆ వాదన నేరుగా సూట్‌కేసులోనే దిగుతుంది.

ఎలాగో చెప్తాను. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తుమందుల జాబితా నుంచి తీసేసింది. బ్యాంకాక్ వీధుల్లో దుకాణాలు వెలిశాయి. గాజు సీసాల్లో పెట్టి, పేరు రాసి, తూకం వేసి అమ్మారు. అక్కడ మట్టి లేకుండా, మందు కలిపిన నీళ్లలో, దీపాల వెలుగులో గంజాయి పెంచుతారు. దాన్ని హైడ్రోపోనిక్ గంజాయి అంటారు. మన కుర్రాళ్లు ఓజీ అంటారు. మామూలు గంజాయి కంటే దాని మత్తు ఎన్నో రెట్లు ఎక్కువ. గాలి తీసేసి అతికించిన ప్లాస్టిక్ ప్యాకెట్లలో అది ఇక్కడికి వస్తోంది. 2025 జూలై నెలాఖరున బ్యాంకాక్ నుంచి దుబాయ్ మీదుగా వచ్చిన ఒక ప్రయాణికురాలి సామానులో అధికారులకు దాదాపు 40 కిలోలు దొరికింది. 400 ప్యాకెట్లు.

ఒక్కసారి ఆలోచించండి. బ్యాంకాక్‌లో అంగట్లో పెట్టి అమ్మిన సరుకు. అక్కణ్ణుంచి నేరుగా వచ్చే విమానమైతే నాలుగు గంటలు కూడా పట్టదు. ఇక్కడ దిగేసరికి అంత మొత్తానికి పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా జైలు. మొక్క అదే. పూత అదే. దేశం దాటితే నేరమైంది. ఇంకో సంగతి కూడా వినండి. అదే థాయ్‌లాండ్ 2025 జూన్‌లో మళ్లీ నిబంధన పెట్టింది. గంజాయి పూత కొనాలంటే డాక్టరు చీటీ ఉండాలంది. తలుపు బార్లా తీసినవాళ్లే మూడేళ్లకు సగం మూశారు.

మరి మనం తీయాలా, మూయాలా?

నా దృష్టిలో ఆ ప్రశ్న అడిగే తీరులోనే తిరకాసు ఉంది. మాకు దగ్గరలో హిమాయత్‌సాగర్ ఉంది. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చింది. ఆ తరువాత, నగరం మళ్లీ మునగకూడదని కట్టిన చెరువుల్లో అదొకటి. వానాకాలంలో రేడియోలో మీరూ వినే ఉంటారు. ఒక గేటు ఒక అడుగు ఎత్తారు, రెండు గేట్లు రెండడుగులు ఎత్తారు అని చెప్తారు. అక్కడి ఇంజనీరును పట్టుకుని, గేట్లు తీయాలా వద్దా, ఒక్క ముక్కలో చెప్పు అంటే ఏం చెప్తాడు? ఏ గేటు, ఎంత ఎత్తు, పైనుంచి ఎంత నీరు వస్తోంది, కింద ఏ బస్తీ ఉంది, ఇవన్నీ చూడాలంటాడు. గంజాయి సంగతీ అంతే. చట్టబద్ధం చేయాలా అని ఎవరైనా అడిగితే, మీరు తిరిగి అడగండి. దేన్ని బాబూ? అమ్మడాన్నా? తాగడాన్నా? మందుగా వాడటాన్నా? పండించడాన్నా? ఇవి వేరువేరు గేట్లు. ఈ వేళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. అమ్మేవాడు వేరు. అలవాటుపడ్డవాడు వేరు. ఇద్దరినీ ఒకే గాట కట్టకండి.

గంజాయి మనకు కొత్త కాదు. గంజాయి వనంలో తులసి మొక్క అని మన సామెత. ఆ వనం ఊహించుకుని అన్న మాట అనుకుంటారేమో. అవి నిజంగానే ఉండేవి. బ్రిటిష్ వాళ్ల కాలంలో బాపట్ల వైపు సంతరావూరు, దగ్గుబాడు ఊళ్లలో సర్కారు లైసెన్సుతో గంజాయి పండించేవాళ్లు. పంట గోదాములో పెట్టాలి. పన్ను కట్టాలి. ఆ తరువాతే అమ్మాలి. అంటే ఇప్పుడు అమెరికాలో, కెనడాలో కొత్తగా చేస్తున్నామంటున్న పని మన కోస్తాలో వందేళ్ల కిందటే జరిగింది.

అప్పుడూ ఈ వాదన వచ్చింది. ఇంగ్లండు పార్లమెంటులో గొడవ జరిగితే, 1893లో ఒక సంఘం వేశారు. ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ అని దాని పేరు. వాళ్లు దేశమంతా తిరిగారు. 1,193 మంది సాక్షులను విచారించారు. డాక్టర్లు, తహసీల్దార్లు, సాధువులు, పిచ్చాసుపత్రుల వాళ్లు, అందరూ అందులో ఉన్నారు. 1894లో నివేదిక ఇచ్చారు. మితంగా వాడితే పెద్ద హాని లేదు, అతిగా వాడితే హాని ఉంది, పూర్తిగా నిషేధించాల్సిన పని లేదు, అదుపు చేసి పన్ను వేయండి అన్నారు. చట్టబద్ధం చేయాలనేవాళ్లు ఇప్పటికీ ఈ నివేదికను చూపిస్తారు. అందులో న్యాయం ఉంది. కానీ ఒకటి మరిచిపోకూడదు. ఆ సంఘం చూసిన గంజాయి ఈ ఓజీ కాదు. చెరువు గట్టున చిలుం పట్టిన ముసలివాడు వేరు. దీపాల కింద పెంచిన పూతను పద్దెనిమిదేళ్ల పిల్లాడు పీల్చడం వేరు.

తరువాత 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. అందులో మన దేశం కూడా ఉంది. వైద్యానికి తప్ప మిగతా గంజాయి వాడకాన్ని 25 ఏళ్లలో మాన్పించాలని అందులో రాశారు. ఆ గడువు ముంచుకొస్తుంటే 1985లో మన పార్లమెంటు మత్తుమందుల మీద ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. అప్పుడు ప్రధాని రాజీవ్ గాంధీ. ఇప్పుడు మా ఊరి విమానాశ్రయం పేరూ అదే.

ఆ చట్టంలో గంజాయి అంటే ఏమిటో చూడండి. మునగ చెట్టు తెలుసు కదా. ఆకు వండుతాం, పువ్వు వండుతాం, కాయ వండుతాం. ఒక్కోదానికి ఒక్కో రుచి. ఈ మొక్కా అంతే. చట్టం గంజాయి అన్నది పూతను, కాయ కట్టే కొసలను. వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. అందుకే హోలీ పండక్కి ఉత్తరాదిన ఆ ఆకుతో చేసే భంగు తాగుతారు. ఇంకో మాట. 2021 నవంబరులో ఆ గింజను ఆహారంగా అమ్మడానికి కేంద్రం నిబంధనలు కూడా తెచ్చింది. మత్తు దాదాపు లేని రకాన్ని నార కోసం పండించడానికి ఉత్తరాఖండ్ లైసెన్సులు ఇస్తోంది. అంటే కొన్ని గేట్లు ఇప్పటికే కొంచెం ఎత్తే ఉన్నాయి.

ఇక తూకం లెక్క. ఒక కిలో వరకు గంజాయి దొరికితే చిన్న మొత్తం అంటారు. ఏడాది వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వ్యాపార మొత్తం. అప్పుడు పదేళ్లకు తక్కువ శిక్ష లేదు. బెయిలు కూడా గగనమే. మధ్యలో ఉంటే పదేళ్ల దాకా పడొచ్చు. ఊరికే తాగి దొరికినా ఆరు నెలల దాకా జైలుంది.

ఇక్కడ నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి చెప్పాలి.

పోయినేడు వానాకాలం. పొద్దున్నే ఒక తల్లి మా ఇంటికొచ్చింది. ఆమె కొడుకు నా దగ్గర పదో తరగతి దాకా చదివాడు. లెక్కల్లో చురుకైనవాడు. విమానాశ్రయానికి క్యాబు నడుపుతాడు. విదేశీ విమానాలు రాత్రి పూటే ఎక్కువ. రాత్రి రెండింటికి, మూడింటికి పార్కింగులో కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడాలి. నిద్ర పట్టదు, మెలకువా ఉండదు. అక్కడే ఎవరో అలవాటు చేశారు.

ఆమె కొంగు ముడి విప్పింది. అందులో చిన్న ప్లాస్టిక్ కవరు. చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికిందట. సగం తడిసింది. లోపల ముదురాకు పచ్చని పొడి, రెండు మూడు గింజలు. మెంతుల కంటే గుండ్రంగా ఉన్నాయి. పక్కన పల్చని కాగితాల పుస్తకం. కుర్రాళ్లు ఓసీబీ అంటారు దాన్ని. నా బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకుంది.

"సారూ, గిది గదే కదా?" అంది.

అవునమ్మా అన్నాను.

"మరి పోలీసోళ్లకు చెప్పాల్నా? చెప్తే జైల్ల ఏస్తరా? చెప్పకుంటే పిలగాడు పాడైతడు. ఏం జేయాలె సారూ?"

శ్రోతలారా, చట్టబద్ధం గురించి ఎన్ని వ్యాసాలు చదివినా నాకు అంత సూటి ప్రశ్న ఎక్కడా కనబడలేదు. ఆమెకు థాయ్‌లాండ్ తెలియదు, కెనడా తెలియదు. బిడ్డను కాపాడుకోవడానికి సాయం అడగాలంటే, అదే బిడ్డ నేరస్తుడైపోతాడేమోనని భయపడుతోంది. జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోవడానికి మనం భయపడతామా? ఇక్కడ భయపడుతున్నాం. ఆ భయం ఎవరికి లాభం? అమ్మేవాడికే. ఇంట్లోవాళ్లు నోరు మూసుకున్నంత కాలం వాడి బేరం సాగుతుంది.

ఇప్పుడు చట్టబద్ధం చేయాలనేవాళ్ల మాట నిజాయితీగా విందాం. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది. ఏడాదిలో ఏదో ఒక రూపంలో భంగో గంజాయో వాడినవాళ్లు దాదాపు మూడు కోట్ల పది లక్షల మంది అని తేలింది. అందులో గంజాయి, దాని బంకతో చేసే చరస్ వాడినవాళ్లు కోటీ ముప్పై లక్షలు. అంతమందిని జైల్లో పెట్టగలమా అని వాళ్లు అడుగుతారు. నిజమే, పెట్టలేం. విస్కీ, బ్రాందీ ఇంతకంటే ఎక్కువ కొంపలు కూల్చాయి కదా, వాటికి లైసెన్సు ఇచ్చి దీనికెందుకు ఇవ్వరు అంటారు. అదీ తీసిపారేసే మాట కాదు. 2016 ప్రాంతంలో పంజాబు ఎంపీ డాక్టర్ ధరమ్‌వీర గాంధీ ఇలాంటి ఆలోచనతోనే ప్రైవేటు బిల్లు తెచ్చారు. ఆయన గుండె డాక్టరు.

మన్యం సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. మన దగ్గర తిరిగే గంజాయిలో ఎక్కువ భాగం ఓజీ కాదు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి వచ్చే నాటు సరుకు. శీలావతి అని ఒక రకానికి పేరు. చింతపల్లి, సీలేరు, ముంచంగిపుట్టు వైపు లోతట్టు ఊళ్లలో బయటి వ్యాపారులు పెట్టుబడి పెట్టి గిరిజనులతో పండించారు. అక్కడి నుంచి రాజమండ్రి, విజయవాడ, హైదరాబాద్ మీదుగా మహారాష్ట్రకు. మా పక్కనే ఉన్న అవుటర్ రింగు రోడ్డు వాళ్లకు అచ్చొచ్చిన దారి. నగరంలోకి రాకుండా దాటిపోవచ్చు. లారీలో కొబ్బరికాయల కింద, కారు సీటు కింద అర పెట్టి తెస్తారు. పెద్ద గోల్కొండ టోలుగేటు దగ్గర పోలీసులు కాపు కాయడం మాకు అలవాటైన దృశ్యం.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు రెండు లక్షల కిలోల గంజాయి ఒకేసారి కాల్చేశారు. ఆ పొగ దృశ్యం టీవీలో అందరం చూశాం. తోట పోయిన చోట కాఫీ, మిరియం మొక్కలు ఇచ్చారు. అది మంచి పని. కానీ కాఫీ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. గంజాయి ఆరు నెలల్లో చేతికొస్తుంది. మూట మోసిన కుర్రాడు దొరుకుతాడు. పెట్టుబడి పెట్టినవాడు దొరకడు. విశాఖ సెంట్రల్ జైలు ఖైదీల్లో పెద్ద వంతు గంజాయి కేసులవాళ్లే. ఈ బాధ చూసినవాళ్లు, చట్టబద్ధం చేసేస్తే ఈ కూలీలకు విముక్తి కదా అంటారు. వాళ్ల మనసు నాకు అర్థమవుతుంది.

అయినా అంగడి తెరవడానికి నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను. ఇందులో విదేశీ ఉదాహరణలు అక్కర్లేదు. మన సారా కథే చాలు.

సారా మన దగ్గర సర్కారు పాటల్లో అమ్ముడైన సరుకు. కాంట్రాక్టర్లు ఊరూరా పాకెట్లు చేర్చేవాళ్లు. అది పూర్తిగా చట్టబద్ధం. కూలి డబ్బు సాయంత్రానికి పాకెట్‌గా మారిపోయేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, ఆ అక్షరాలతోనే సారా మీద తిరగబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో అది ఎత్తేశారు. ఎందుకు? దొంగ రవాణా ఆగలేదన్నది ఒక కారణం. ఖజానా ఖాళీ అయిందన్నది రెండోది. ఆ రెండో కారణం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మద్యం డబ్బు లేకుండా బడ్జెట్ నడవదని ప్రభుత్వమే ఒప్పుకుంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఎన్ని పార్టీలు మారినా ఆ డబ్బు వేల కోట్లుగా పెరుగుతూనే వచ్చింది. లైసెన్సు దుకాణం ఊరి బయట ఉంటుంది. దాని తోక బెల్టు షాపై ఊరి నడిబొడ్డుకు, కిరాణా కొట్టులోకి వస్తుంది. మనిషికి పట్టిన అలవాటు మాన్పించడానికి ఆసుపత్రులున్నాయి. ఖజానాకు పట్టిన అలవాటు మాన్పించే ఆసుపత్రి నేనెక్కడా చూడలేదు.

సర్కారు చేతిలో ఉంటే సరుకు శుభ్రంగా ఉంటుంది, కల్తీ ఉండదు అని ఇంకో వాదన. మన కల్లు చూడండి. కల్లుకు లైసెన్సు ఉంది. కాంపౌండుకు బోర్డు ఉంది. అయినా అందులో నిద్రమాత్రల మందు, అల్ప్రాజోలం, కలుపుతారని మన తెలంగాణలో తెలియనివాళ్లు లేరు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. లైసెన్సు కాగితం సీసాలో ఏముందో చూడలేదు. చూడాల్సిన మనిషి చూడాలి. కల్లుకే చూడలేనివాళ్లం ఓజీలో మత్తు శాతం కొలుస్తామంటే నేనెలా నమ్మను?

పైగా పిల్లల సంగతి ఉంది. 2024 జనవరిలో మాకు దగ్గరలోనే, కొత్తూరులో, సర్కారు బడి పిల్లలు కొందరు మత్తుగా తూలుతుంటే టీచర్లు గమనించారు. ఆరా తీస్తే, బడి దగ్గరి పాన్ డబ్బాలో చాక్లెట్లు కొని తిన్నారు. అందులో గంజాయి కలిపారు. నిషేధం ఉండగానే ఇది జరిగింది. రేపు రంగురంగుల పొట్లాల్లో అంగట్లో పెడితే ఏమవుతుందో నాకు ఊహించాలని లేదు. డాక్టర్లు చెప్పేది ఇది. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతుంది. పెద్దయ్యాక గంజాయి మొదలుపెట్టినవాళ్లలో పదిమందిలో ఒకరు దానికి బానిసవుతారు. పదిహేను పదహారేళ్లకే మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. బలమైన సరుకు రోజూ పీల్చే కొందరికి మనసు చెదిరి, లేని మాటలు వినబడతాయి. అంగడి తెరిస్తే దొంగ వ్యాపారం పోతుందనేవాళ్లకు మాత్రం ఒక విదేశీ సంగతి చెప్తాను. కెనడా 2018 అక్టోబరు 17న అంగళ్లు తెరిచింది. దొంగ వ్యాపారం కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

కాబట్టి అమ్మకం గేటు మూసే ఉంచాలంటాను. మరి తాగేవాడి గేటు? అక్కడ నా మాట వేరు.

పోర్చుగల్ అనే చిన్న దేశం ఉంది. 2001లో వాళ్లొక పని చేశారు. అమ్మితే నేరమే, జైలే. కానీ సొంతానికి పది రోజులకు సరిపడా వరకు దగ్గరుంటే అది నేరం కాదన్నారు. దొరికినవాణ్ణి జడ్జి దగ్గరికి పంపరు. ముగ్గురు కూర్చున్న చిన్న సంఘం దగ్గరికి పంపుతారు. న్యాయం తెలిసినవాళ్లు, వైద్యం తెలిసినవాళ్లు, సమాజ సేవ తెలిసినవాళ్లు అందులో ఉంటారు. నీకేం ఇబ్బంది, ఎప్పటి నుంచి, వైద్యం కావాలా అని అడుగుతారు. మన ఊళ్లో రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చోబెట్టి అడిగినట్టే. అంగడి తెరవకుండానే తాగేవాడి మీంచి జైలు భయం తీసేశారు. ఒక గేటు మూసి, ఒక గేటు ఒక అడుగు ఎత్తారు. మన దేశంలోనూ 2021లో సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ఇలాంటి సూచనే చేసింది. కొద్ది మొత్తంతో దొరికినవాళ్లను బాధితులుగా చూడాలి, వైద్యానికి పంపాలి అంది. చట్టం మాత్రం ఇంకా మారలేదు.

అయితే ఒక మాట. ఈ చట్టంలోనే చాలామందికి తెలియని ఒక కిటికీ ఉంది. 64ఏ అని ఒక సెక్షను. మత్తుకు బానిసైన మనిషి, చిన్న మొత్తం కేసులో ఉన్నా సరే, తనంతట తాను ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రికి వెళ్లి వైద్యం చేయించుకుంటే, ఆ నేరం మీద విచారణ ఉండదు. వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. మళ్లీ చెప్తున్నాను, వినండి. తనంతట తాను వైద్యానికి వెళ్తే విచారణ ఉండదు. ఇది అమ్మేవాడికి వర్తించదు. అలవాటుపడ్డవాడికే. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు సగం జవాబు చట్టంలోనే ఉంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు, అంతే. నేనూ అంతకు ముందు ఏ తల్లికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు బళ్లో ఉన్నాను. చెప్పాల్సింది.

మత్తు మానాలనుకునేవాళ్ల కోసం 14446 అని జాతీయ ఫోను నంబరు ఉంది. ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు. డబ్బు పడదు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో మత్తు మాన్పించే విభాగం ఉంది. అక్కడికి పోతే పిచ్చోడంటారని వెనకాడకండి.

విమానాశ్రయం నుంచి వెళ్లే పిల్లల గురించి కూడా ఒక మాట. ఏటా ఆగస్టు వస్తే ఇక్కడ అడుగు పెట్టే చోటుండదు. ఒక్కో పిల్లాడికి సాగనంపడానికి పదిమంది. పచ్చళ్ల డబ్బాలు తూకం వేస్తూ, ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మారుస్తూ ఉంటారు. ఆ పిల్లలు వెళ్లే అమెరికాలో 24 రాష్ట్రాల్లో పెద్దవాళ్లు గంజాయి వాడొచ్చు. తోటి విద్యార్థులు, ఇక్కడ లీగలే రా అంటారు. అది రాష్ట్రం చట్టం. దేశమంతటికీ వర్తించే చట్టంలో ఇంకా నేరమే. వీసా ఇచ్చేది దేశం, రాష్ట్రం కాదు. తాగానని ఒప్పుకున్నా వీసా మీదికి రావొచ్చు. అప్పు చేసి పంపిన చదువు ఒక్క సిగరెట్టుతో పోవచ్చు. అలాగే అక్కణ్ణుంచి వచ్చేటప్పుడు, ఎవరైనా మా అత్తకు ఇవ్వమని ప్యాకెట్ ఇస్తే, చాక్లెట్లే అన్నా సరే, విప్పి చూడకుండా తీసుకోకండి. బెల్టు దగ్గర ఆ పెట్టె మీ పేరు మీదే తిరుగుతుంది.

మళ్లీ ఆ తల్లి దగ్గరికి వస్తాను. ఆ రోజు ఆమెతో, అమ్మా, దీన్ని ముందు నీళ్లలో పారబోయి, వాణ్ణి కొట్టకు, తిట్టకు, సాయంత్రం నా దగ్గరికి పంపు అన్నాను. వాడొచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు, చిన్నప్పుడు హోంవర్కు చేయకపోతే నిలబడ్డట్టు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేకనో, ఏడ్చో, మరొకటో నేనడగలేదు. ఎవరమ్ముతున్నారు అని కూడా అడగలేదు. ఎన్ని రోజులకొకసారి అని అడిగాను. మొదట వారానికన్నాడు. కాసేపాగి, రోజూ అన్నాడు. స్టీరింగ్ ముందు కూర్చునే ముందా అని అడిగితే తల దించుకున్నాడు. ఆ క్యాబులో రాత్రి పూట ఎవరెవరు ఎక్కి ఉంటారో తలచుకుని నాకు కాళ్లు వణికాయి. ముందు రాత్రి డ్యూటీ మానిపించాను. తరువాత సర్కారు ఆసుపత్రికి ఇద్దరం కలిసి వెళ్లాం. డాక్టరమ్మ పోలీసు అన్న మాటే ఎత్తలేదు. నిద్ర గురించి అడిగింది, తిండి గురించి అడిగింది, నాన్న గురించి అడిగింది. వాడి నాన్న మా ఊరి పొలం అమ్మిన డబ్బంతా తాగి పోయాడు. అది లైసెన్సు దుకాణంలో కొన్నదే.

మధ్యలో ఒకసారి మళ్లీ తాగాడు. వాడే చెప్పాడు. డాక్టరమ్మకు కోపం రాలేదు, తేదీ రాసుకుంది. ఇప్పుడు పగలు తిరుగుతున్నాడు, విమానాశ్రయం బేరాలు తగ్గించుకున్నాడు, ఆదాయమూ కొంత తగ్గింది. వచ్చే మంగళవారం మళ్లీ వెళ్లాలి. నిన్న రాత్రి వాడే ఫోను చేశాడు.

"సార్, మంగళారం ఏడింటికే పోదాం. లేటైతే లైన్ పెద్దగుంటది. నేనే బండి తెస్త," అన్నాడు.